చంపేది భూకంపం కాదు.. భవనం!

ఒకే ఏడాది, రెండు భూకంపాలు. పెద్దదాంట్లో 525 మంది పోయారు. శక్తిలో దానికంటే దాదాపు 500 రెట్లు చిన్నదాంట్లో లక్షకు పైగా పోయారు. ఈ తేడాకు కారణం చాలావరకు భూమి లోపల లేదు, భూమి మీద ఉంది. రేపు సైటులోనో, ల్యాబులోనో, ల్యాప్‌టాప్ ముందో కూర్చోబోయే మీ చేతిలో కూడా ఉంది.

2024 డిసెంబరు 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లాలో భూమి కదిలింది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఆ కదలిక తెలిసింది. 'ఫ్యాన్ ఊగింది', 'మంచం కదిలింది' అంటూ వాట్సాప్ గ్రూపులు నిండిపోయాయి. ఆ వెంటనే అందరి నోటా ఒకటే ప్రశ్న: 'ఎంతట?' 'ఐదు పాయింట్ మూడట!' ప్రాణనష్టం లేదు కాబట్టి సాయంత్రానికల్లా మర్చిపోయాం.

'ఎంతట' అని అడగడం తప్పు కాదు. కానీ ఎంతమంది చనిపోతారో ఆ అంకె ఒక్కటే చెప్పదు. చరిత్రలో పెద్ద భూకంపాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది.

రెండు దేశాలు.. రెండు లెక్కలు

2010 జనవరి 12న హైతీలో 7.0 మ్యాగ్నిట్యూడ్‌తో భూకంపం వచ్చింది. మృతుల సంఖ్యపై చాలా అంచనాలు లక్ష నుంచి మూడు లక్షల మధ్య ఉన్నాయి. సరిగ్గా ఆరున్నర వారాల తర్వాత, ఫిబ్రవరి 27న చిలీలో 8.8 మ్యాగ్నిట్యూడ్‌తో వచ్చింది. అక్కడ చనిపోయింది దాదాపు 525 మంది. అందులోనూ చాలామందిని బలి తీసుకున్నది భూకంపం వెంట వచ్చిన సునామీ.

మ్యాగ్నిట్యూడ్‌లో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. రెండు అంకెలు పెరిగితే వెయ్యి రెట్లు. ఆ లెక్కన చిలీ భూకంపం హైతీ కంటే 500 రెట్లు పెద్దది. మరి మరణాలెందుకు తలకిందులయ్యాయి?

హైతీ భూకంప కేంద్రం రాజధాని పోర్టో ప్రిన్స్‌కు దాదాపు 25 కిలోమీటర్ల దూరంలోనే, తక్కువ లోతులో ఉంది. అది ఒక కారణం. రెండో కారణం, అక్కడ అమల్లో ఉన్న నిర్మాణ నిబంధనలంటూ ఏవీ లేవు. నాసిరకం కాంక్రీటు, చాలీచాలని ఇనుము, పైన బరువైన స్లాబులు. చిలీ కథ వేరు. 1960లో ఆ దేశం 9.5 మ్యాగ్నిట్యూడ్ భూకంపాన్ని చూసింది. పరికరాలతో కొలిచిన వాటిలో ఇప్పటికీ అదే అతి పెద్దది. ఆ దెబ్బతో నిబంధనలు కఠినం చేస్తూ వచ్చారు. కట్టిన పదేళ్లలోపు నిర్మాణపరమైన లోపం బయటపడితే చట్టప్రకారం బాధ్యత ఉంటుంది. అలాగని అక్కడ అన్నీ నిలిచాయని కాదు. కాన్సెప్సియోన్ నగరంలో 15 అంతస్తుల కొత్త భవనం వెల్లకిలా పడిపోయి ఎనిమిది మంది చనిపోయారు. కానీ అది వార్త అయింది. హైతీలో నిలబడ్డ భవనం వార్త అయింది.

'ఒక్క జతతో తీర్పు ఎలా?' అంటారా? ఇంకో జత చూడండి. 1988 డిసెంబరులో ఆర్మేనియాలోని స్పిటాక్‌లో 6.8. దాదాపు 25 వేల మంది మృతి. పది నెలల తర్వాత, 1989 అక్టోబరులో అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో 6.9. మృతులు 63 మంది. వాళ్లలో 42 మంది ఒకే ఒక్క రెండంతస్తుల ఫ్లైఓవర్ కూలడం వల్ల చనిపోయారు.

డీజే ఒకటే.. మోత వేరు

మ్యాగ్నిట్యూడ్‌కీ ఇంటెన్సిటీకీ తేడా ఏమిటి? పోటీ పరీక్షల్లో, సివిల్ ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న ఇది. వినాయక నిమజ్జనం డీజేను గుర్తు తెచ్చుకోండి. యాంప్లిఫయర్ మీద వాల్యూమ్ ఎంత పెట్టారన్నది ఒకే అంకె. అది మ్యాగ్నిట్యూడ్. కానీ బండి పక్కన ఉన్న ఇంట్లో కిటికీ అద్దాలు అదురుతాయి, నాలుగు వీధుల అవతల ఇంట్లో సన్నగా వినిపిస్తుంది. ఆ మోత ఊరికో రకం, ఇంటికో రకం. అది ఇంటెన్సిటీ.

పేపర్లలో, టీవీల్లో ఇప్పటికీ 'రిక్టర్ స్కేలుపై' అని రాస్తుంటాం. నిజానికి పెద్ద భూకంపాలకు శాస్త్రవేత్తలు ఇప్పుడు వాడేది మూమెంట్ మ్యాగ్నిట్యూడ్ స్కేలు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క వాక్యం సరిగ్గా చెప్పినా, విషయం తెలిసినవాళ్లని గుర్తిస్తారు.

సరే, అదే భూకంపం ఒకచోట ఎందుకంత ప్రాణాంతకం అవుతుంది? ఒక్కో కారణానికీ చరిత్రలో ఒక్కో ఊరు సాక్ష్యం.

గోడ బరువు: కిల్లారి, 1993

మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి. హైదరాబాద్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. ముందు రోజే వినాయక నిమజ్జనం. అలసిపోయి ఇళ్లలో నిద్రపోతున్నారు జనం. భూకంపం 6.2. ప్రపంచ లెక్కల్లో ఇది మధ్యరకం. కానీ దాదాపు పది వేల మంది చనిపోయారు.

అక్కడి ఇళ్లు రాతివి. రాళ్లను మట్టితో పేర్చిన రెండు మూడడుగుల మందం గోడలు. పైకప్పుగా కర్ర పలకలు, వాటిపై ఎండ తగలకుండా అడుగు, రెండడుగుల మందాన మట్టి. వేసవికి చల్లగా ఉండే ఇల్లు. కానీ గోడలోని రాళ్లకూ, మూలలకూ పట్టు లేదు. భూమి పక్కకు ఊగగానే గోడలు విచ్చుకున్నాయి, టన్నుల కొద్దీ మట్టి నిద్రపోతున్నవాళ్లపై పడింది.

ఇంకో సంగతి. అప్పటి దేశ భూకంప పటంలో కిల్లారి ఉన్నది జోన్-1లో, అంటే అన్నింటికంటే తక్కువ ముప్పున్న ప్రాంతంలో. ఆ తర్వాత 2002లో పటాన్ని సవరించినప్పుడు జోన్-1నే తీసేశారు. దక్కను పీఠభూమి గట్టిది, ఇక్కడేమీ రాదు అనే ధీమాకు కిల్లారి జవాబు. 2016 నాటి ప్రమాణం ప్రకారం హైదరాబాద్ జోన్-2లో, విజయవాడ జోన్-3లో ఉన్నాయి. జోన్-2 అంటే 'రాదు' అని కాదు, 'ముప్పు తక్కువ' అని మాత్రమే.

కింద ఖాళీ: అహ్మదాబాద్, 2001

2001 జనవరి 26, ఉదయం 8 గంటల 46 నిమిషాలు. గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో 7.7. మృతులు దాదాపు 20 వేలు. భుజ్ పాత ఊరు నేలమట్టమైంది, అది ఊహించదగిందే. ఇంజినీర్లను కలవరపెట్టింది మాత్రం అహ్మదాబాద్. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా, అక్కడ పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలి వందల మంది చనిపోయారు.

వాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది. కింద అంతా పార్కింగ్ కోసం ఖాళీ, పిల్లర్లు మాత్రమే. పైన నాలుగైదు అంతస్తులు ఇటుక గోడలతో బిగువుగా ఉంటాయి. భూమి ఊగితే పై అంతస్తులన్నీ ఒకే పెట్టెలా కదులుతాయి. వంగాల్సిన భారమంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. దీన్నే సాఫ్ట్ స్టోరీ అంటారు. మీరు ఉంటున్న హాస్టల్, మీ బంధువుల అపార్ట్‌మెంట్ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఈ నమూనా వీధివీధినా కనిపిస్తుంది. అలా కట్టడమే నేరం కాదు. కింది పిల్లర్లను అందుకు తగ్గట్టు అదనపు బలంతో డిజైన్ చేయకపోవడమే ప్రమాదం.

నేల స్వభావం: మెక్సికో సిటీ, 1985

1985 సెప్టెంబరు 19న 8.0 మ్యాగ్నిట్యూడ్ భూకంపం పుట్టింది పసిఫిక్ తీరంలో. మెక్సికో సిటీ అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరం. కానీ చనిపోయిన వేలాది మందిలో అత్యధికులు ఆ నగరంవాళ్లే. కారణం, నగరంలో పెద్ద భాగం ఒకప్పటి చెరువు అడుగున ఉన్న మెత్తని బంకమట్టి మీద కట్టారు. ఆ మట్టి దాదాపు రెండు సెకన్లకోసారి చొప్పున ఊగింది.

ఉయ్యాలను సరైన సమయంలో తోస్తుంటే ఊపు పెరుగుతూ పోతుంది కదా, అలాగే ఆ ఊపుకు సరిపోయే భవనాలు, ముఖ్యంగా ఆరు నుంచి పదిహేను అంతస్తులవి, ఎక్కువ దెబ్బతిన్నాయి. పొట్టి భవనాలు చాలావరకు తట్టుకున్నాయి. 1956లో పూర్తయిన టోర్రే లాటినోఅమెరికానా అనే ఆకాశహర్మ్యం అదే నగరంలో చెక్కుచెదరలేదు. చెరువులు పూడ్చి కాలనీలు వేసే మన నగరాలకు ఈ పాఠం వేరే చెప్పాలా?

గడియారం, పొయ్యి, అల

వేళ కూడా ప్రాణాలను లెక్కిస్తుంది. 1923 సెప్టెంబరు 1న జపాన్‌లోని కాంటో ప్రాంతంలో మధ్యాహ్నం కావడానికి రెండు నిమిషాల ముందు భూకంపం వచ్చింది. ఇంటింటా వంట పొయ్యిలు వెలుగుతున్నాయి. కర్ర ఇళ్లు అంటుకున్నాయి. లక్షకు పైగా మృతుల్లో ఎక్కువమంది మంటలకే బలయ్యారు. టోక్యోలో ఒకే మైదానంలో తలదాచుకున్న దాదాపు 38 వేల మంది సుడిగాలిలా లేచిన మంటల్లో చనిపోయారు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. కానీ అది శనివారం, అక్కడ బడులకు సెలవు. వేలాది తరగతి గదులు కూలాయి, లోపల పిల్లలు లేరు. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే?

సముద్రం దగ్గరైతే లెక్క ఇంకా వేరు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన సునామీ 14 దేశాల్లో దాదాపు 2 లక్షల 27 వేల మందిని తీసుకుపోయింది. ఆంధ్ర తీరంలోనూ వంద మందికి పైగా పోయారు. భూకంప కేంద్రానికి ఎంతో దగ్గరగా ఉన్న సిమెల్యూ ద్వీపంలో మాత్రం దాదాపు 78 వేల జనాభాలో చనిపోయింది ఏడుగురే. 1907 నాటి సునామీని వాళ్లు 'స్మాంగ్' అనే పేరుతో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. నేల గట్టిగా ఊగితే గుట్ట ఎక్కాలి, ఎవరి ఆదేశం కోసమూ ఆగకూడదు. అంతే, పరిగెత్తారు.

కాగితంపై చట్టం: తుర్కియే, 2023

1999లో 17 వేల మందికి పైగా పోయాక తుర్కియే మంచి నిబంధనలే రాసుకుంది. అయినా 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు 7.8, తొమ్మిది గంటల తర్వాత 7.5 వచ్చినప్పుడు ఆ ఒక్క దేశంలోనే 53 వేల మందికి పైగా చనిపోయారు. నిజమే, భూకంపాలు చాలా పెద్దవి. కానీ నిబంధనల పుస్తకానికీ సైటుకీ మధ్య దూరం కూడా అంతే పెద్దది. 2018లో అక్కడి ప్రభుత్వం అనుమతుల్లేని కట్టడాలను ఫీజు కట్టించుకుని, యజమాని రాసిచ్చిన మాట మీదే క్రమబద్ధీకరించింది. క్రమబద్ధీకరణ పథకాలు మనకూ కొత్త కాదు. కాగితం సక్రమమైతే పిల్లర్ బలపడుతుందా? అదే ప్రశ్న.

నలభై ఐదు డిగ్రీల తేడా

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. సివిల్ చదివి, కొన్ని నెలలు సైటులో పనిచేసి, తర్వాత టెక్నాలజీ రాతల్లోకి వచ్చినవాణ్ని. పిల్లర్లలో నిలువు కడ్డీల చుట్టూ ఇనుప రింగులు వేస్తారు, చూసే ఉంటారు. ఆ రింగు రెండు కొసల్నీ 135 డిగ్రీలకు, అంటే లోపలి కాంక్రీటులోకి దిగేలా వంచాలి. మన భూకంప నిర్మాణ ప్రమాణం ఐఎస్ 13920 చెప్పేది అదే. మా సైటులో 90 డిగ్రీలకే వంచుతున్నారు. అడిగితే పెద్ద మేస్త్రీ నవ్వాడు. 'ఇరవై ఏండ్ల సంది ఇట్లనే వంచుతున్నం సారూ. ఏ బిల్డింగు కూలింది చెప్పుండ్రి?'

నా దగ్గర జవాబు లేదు. కాంక్రీటు పోయాల్సిన రోజు. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. సంతకం పెట్టేశాను.

జవాబు తర్వాత దొరికింది. భూకంపంలో ముందుగా రాలేది పిల్లర్ పై పొర. 90 డిగ్రీల హుక్కు ఆ పొరలోనే ఉంటుంది కాబట్టి పొర ఊడగానే రింగు విచ్చుకుంటుంది. నిలువు కడ్డీలు బయటికి వంగిపోతాయి, లోపలి కాంక్రీటు పొడి అవుతుంది, పైనున్న అంతస్తు కూర్చుంటుంది. 135 డిగ్రీలైతే కొసలు లోపల పాతుకుని ఉంటాయి, పిల్లర్ పగిలినా పట్టు విడవదు. చాక్‌పీసును వంచితే టక్కున విరుగుతుంది, బైండింగ్ వైరు వంగి నిలుస్తుంది. ఆ సాగే గుణమే డక్టిలిటీ. భవనం పగలవచ్చు, కానీ మనుషులు బయటికి వచ్చేదాకా నిలబడాలి. భూకంప ఇంజినీరింగ్ సారమంతా ఇంతే. మేస్త్రీ తప్పు కాదది. ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ని నేను.

మీకు దారి ఎక్కడుంది?

సివిల్ వాళ్లకు: గేట్ సివిల్ పేపర్‌తో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ ఎంటెక్ చేయొచ్చు. ఐఐటీ రూర్కీలో భూకంప ఇంజినీరింగ్‌కే ప్రత్యేక విభాగం ఉంది, 1960 నుంచి నడుస్తోంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ఈట్యాబ్స్, స్టాడ్ నేర్చుకుంటే సరిపోదు. ఐఎస్ 456, ఐఎస్ 1893, ఐఎస్ 13920 చదివి ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె తప్పో ఒప్పో చెప్పగలిగితేనే డిజైన్ ఆఫీసులో విలువ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఐఐటీ కాన్పూర్ కేంద్రం ఉచితంగా ఇస్తున్న 'ఎర్త్‌క్వేక్ టిప్స్' చదవండి. ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి బొమ్మలతో సహా రాసిన 24 చిన్న పాఠాలు అవి. సైటు ఉద్యోగంలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే, దాచాల్సిన పని లేదు. కానీ డిజైన్ వైపు అనుభవం పెరిగేకొద్దీ మీ మాటకు బరువు పెరుగుతుంది.

సైన్స్ వాళ్లకు: ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో జియోఫిజిక్స్ పీజీ ఉంది. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియోలాజికల్ సర్వేలో చేరవచ్చు. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ ఉంది. హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరికలు పంపే కేంద్రం కూడా మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లోనే, 2007 నుంచి పనిచేస్తోంది. చాలామంది తెలుగు విద్యార్థులకే ఈ సంగతి తెలియదు.

సీఎస్ఈ, ఈసీఈ వాళ్లకు: భూకంపాన్ని ముందే చెప్పడం ఇప్పటికీ ఎవరి వల్లా కాదు. రోజు, టైము చెప్పి వాట్సాప్‌లో వచ్చే మెసేజ్ ఏదైనా అబద్ధమే. కానీ మొదలయ్యాక కొన్ని సెకన్ల ముందు హెచ్చరించడం సాధ్యం. ముందు వచ్చే పి తరంగాలు సెకనుకు దాదాపు ఆరు కిలోమీటర్లు వెళ్తాయి, ఎక్కువ నష్టం చేసే ఎస్ తరంగాలు దాదాపు మూడున్నర. ఆ తేడాలోనే హెచ్చరిక పంపాలి. 2011లో జపాన్‌లో 9.0 భూకంపం వచ్చినప్పుడు తీరంలోని సెన్సార్లు బుల్లెట్ రైళ్లకు బ్రేకులు వేయించాయి. నడుస్తున్న ఆ రైళ్లలో ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. ఉత్తరాఖండ్‌లో ఐఐటీ రూర్కీ సాయంతో ఇలాంటి హెచ్చరిక యాప్ నడుస్తోంది. పైథాన్ వచ్చా? అబ్స్‌పై లైబ్రరీతో భూకంప సంకేతాలను చదవొచ్చు, ఓపెన్‌సీస్‌పైతో భవనం ఊగడాన్ని లెక్కగట్టొచ్చు. రెండూ ఉచితం. అమెరికా జియోలాజికల్ సర్వే డేటా కూడా ఉచితమే. ఇంకో ఈ-కామర్స్ వెబ్‌సైట్ నమూనాకు బదులు ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇది పెడితే రెజ్యూమేలో నిలబడుతుంది.

మీ వంతు వచ్చినప్పుడు

మీలో కొందరు వచ్చే ఏడాది ఈపాటికి ఏదో ఒక సైటులో హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉంటారు. కాంక్రీటు లారీ గేటు దగ్గర ఉంటుంది. మేస్త్రీ తొందరపడుతుంటాడు. పైనుంచి ఫోన్లు వస్తుంటాయి. అప్పుడు రింగు కొసను ఒక్కసారి చూడండి. 90 ఉంటే ఆపండి. ఎందుకో ఆయనకు చాక్‌పీస్, వైరు చూపించి చెప్పండి. అరగంట ఆలస్యమవుతుంది, నాలుగు మాటలు పడతారు.

మేస్త్రీ అడిగిన ప్రశ్న మిమ్మల్నీ అడుగుతారు: 'ఏ బిల్డింగు కూలింది?' మీ దగ్గర జవాబు ఉంది కదా ఇప్పుడు. అహ్మదాబాద్‌తో మొదలుపెట్టండి.